జాకీ ఎత్తుతుంది, నిలబెట్టదు

అందరికీ నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడేది ఒక్క పని గురించే. బరువైన పికప్ బండికి టైరు పంక్చరైతే ఎవరికీ దెబ్బ తగలకుండా దాన్ని జాకీతో ఎత్తి టైరు మార్చుకోవడం ఎలా అన్నదే ఆ పని. కారు టైరు మార్చడం వచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. నాకు ఎక్కువ బెంగ కూడా వాళ్ల గురించే. ఏమీ రానివాడు ఎవరినైనా పిలుస్తాడు. కారు మీద చెయ్యి తిరిగినవాడు అదే ధైర్యంతో పికప్ కింద జాకీ పెట్టేస్తాడు.

చిన్న కారు బరువు సుమారు ఒక టన్ను ఉంటుంది. డబుల్ క్యాబ్ పికప్ ఖాళీగానే రెండు టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద డీజిల్ ఇంజన్, వెనక చక్రాలకు ఎనిమిదేసి నట్లు ఉండే హెవీ డ్యూటీ రకాలైతే మూడు టన్నులు దాటుతాయి. ఇది ఖాళీ బండి లెక్క. వెనక ట్రేలో సరుకు వేస్తే ఆ బరువులో ఎక్కువ భాగం వెనక యాక్సిల్ మీదే, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు మీదే పడుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీగా 2100 కిలోలున్న బండికి ముందు 1200, వెనక 900 కిలోలు పడుతున్నాయనుకోండి. అందులో 900 కిలోల సరుకు వేస్తే వెనక భాగం బరువు ఇంచుమించు రెట్టింపవుతుంది, ముందు భాగం మాత్రం పెద్దగా మారదు. ఖాళీ బండిలో వెనక చక్రం దగ్గర 450 కిలోలు ఎత్తిన జాకీ, ఇప్పుడు 850 కిలోలకు పైగా ఎత్తాలి. బండి అదే, జాకీ అదే, పని మాత్రం రెండింతలు.

బరువొక్కటే తేడా కాదు. పికప్ నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. వెనక స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు ఉంటాయి, అవి చాలా సాగుతాయి. స్టెపినీ డిక్కీలో ఉండదు, బండి పొట్ట కింద వేలాడుతూ ఉంటుంది. వీటిలో ప్రతిదానివల్లా పని తీరు మారుతుంది. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు అసలు విషయం. జాకీ మీద ఉన్న బండి ఎందుకు పడుతుంది? జాకీ విరిగి పడుతుందని చాలామంది అనుకుంటారు. విరగడం అరుదు. బండి కదులుతుంది, కదిలిందంటే జాకీ ఒరుగుతుంది, ఒరిగిన జాకీ ఏ బరువునూ మొయ్యలేదు. జాకీ నిలువుగా వచ్చే బరువు కోసం తయారైన వస్తువు. పక్క నుంచి వచ్చే తోపుడికి దాని దగ్గర జవాబు లేదు. బండి నాలుగు వేళ్లంత ముందుకో వెనక్కో దొర్లితే చాలు. కాబట్టి టైరు మార్చడంలో మొదటి పని ఎత్తడం కాదు, బండిని కట్టేసినట్టు కదలకుండా ఆపడం.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది. "హ్యాండ్ బ్రేక్ వేశాను, గేర్లో పెట్టాను, ఇంకెక్కడికి పోతుంది?" ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్లు "పార్క్‌లో పెట్టాను" అంటారు. ఈ మాట మీద కాసేపు ఆగుదాం. ఇవాళ మీరు ఇంకేం మరిచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

గేర్లో పెట్టినా, పార్క్‌లో పెట్టినా ఆగేది చక్రం కాదు. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆగుతుంది. ఆ షాఫ్ట్‌కీ రెండు వెనక చక్రాలకీ మధ్య డిఫరెన్షియల్ ఉంది. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగాలి కదా, ఆ వెసులుబాటు ఇచ్చేది అదే. షాఫ్ట్ బిగుసుకుపోయి ఉన్నప్పుడు కూడా డిఫరెన్షియల్ ఆ వెసులుబాటు ఇస్తూనే ఉంటుంది. ఒక చక్రం ముందుకు తిరిగితే రెండోది సరిగ్గా అంతే వెనక్కి తిరుగుతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నంతసేపు ఇది జరగదు, ఎందుకంటే రెండు వెనక చక్రాలూ ఎదురెదురు దిక్కుల్లో దొర్లలేవు. మీరు ఒక వెనక చక్రాన్ని గాల్లోకి లేపారనుకోండి. ఇప్పుడు దానికి అడ్డు లేదు. అది గాల్లో వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్న రెండో చక్రం హాయిగా ముందుకు దొర్లుతుంది. పార్క్‌లోనే ఉంది, గేర్లోనే ఉంది, అయినా బండి నడుస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న ప్రతి బండికీ ఇది వర్తిస్తుంది.

మరి హ్యాండ్ బ్రేక్? చాలా పికప్‌లలో అది పట్టుకునేది వెనక చక్రాలను మాత్రమే. వెనక చక్రం ఒకటి గాల్లో ఉంటే, దాన్ని పట్టుకున్న బ్రేకు వృథా. మిగిలిన ఒక్క చక్రం మొత్తం బండిని ఆపాలి. ఆ చక్రానికి వెళ్లే కేబుల్ కాస్త వదులైనా, డ్రమ్ములో లైనింగ్ అరిగినా ఆ ఆసరా కూడా ఉండదు. ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లే ఫోర్ బై ఫోర్ బండ్లలో, కొన్ని పాతవాటిలో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే పట్టుకుంటుంది. అక్కడ ఇందాక చెప్పిన కథే మళ్లీ మొదలవుతుంది.

ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఫోర్ వీల్‌లో వేసి, పార్క్‌లోనో గేర్లోనో పెడితే ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ రెండూ బిగుసుకుంటాయి. అప్పుడు వెనక చక్రం ఒకటి లేచినా, నేల మీదున్న రెండు ముందు చక్రాలు బండిని పట్టుకుంటాయి. దానికి ముందు చక్రాల హబ్బులు షాఫ్ట్‌తో కలిసి ఉండాలి. ఇంజన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. దాని లివరు న్యూట్రల్‌లో ఉంటే మాత్రం అంతా తలకిందులు. అప్పుడు మీరు పార్క్‌లో పెట్టినా ఏ చక్రానికీ ఆ పట్టు అందదు. దాన్ని తప్పకుండా ఒకసారి చూసుకోండి.

ఇంత చెప్పింది దేనికంటే, చక్రానికి అడ్డు పెట్టడం అదనపు జాగ్రత్త అని, తీరిక ఉంటే చేసే పని అని అనుకోవద్దని. హ్యాండ్ బ్రేక్ వెయ్యాలి, గేర్లో పెట్టాలి, ఫోర్ వీల్ ఉంటే అదీ వెయ్యాలి. ఇవన్నీ చేసినా చివరికి నమ్మదగింది చక్రానికి పెట్టిన అడ్డు ఒక్కటే. మీరు ఎత్తబోయే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందొకటి, వెనకొకటి పెట్టాలి. వెనక ఎడమ చక్రం ఎత్తుతుంటే ముందు కుడి చక్రానికి అన్నమాట. నాలుగు దిమ్మలుంటే ఇంకో చక్రానికి కూడా పెట్టండి, ఎక్కువైందని బాధపడక్కర్లేదు. వాలుగా కోసిన గట్టి చెక్క దిమ్మలో, రబ్బరు దిమ్మలో కొని బండిలో పడెయ్యండి. దారిలో దొరికిన రాయితో సరిపెట్టుకోవాల్సి వస్తే గుండ్రాయి వద్దు, పలకగా, కోణాలుగా ఉన్నది చూడండి. దాన్ని టైరు దగ్గర ఊరికే ఉంచితే లాభం లేదు. టైరుకీ నేలకీ మధ్య ఉండే సందులోకి కాలితో తన్ని దిగ్గొట్టాలి. సందు వదిలితే బండి ఆ సందు మేరకు దొర్లుతుంది. ఆ వేగంతో వచ్చి దిమ్మ ఎక్కేస్తుంది కూడా.

ఇక ఎక్కడ ఆపాలి. చదునుగా, గట్టిగా ఉన్న చోట, వాహనాల ప్రవాహానికి దూరంగా. అలాంటి చోటు కనబడే దాకా పంక్చరైన టైరు మీదే నెమ్మదిగా, నడక వేగంతో పోనివ్వండి. "టైరు పాడైపోతుంది, డిస్క్ వంగిపోతుంది" అంటారు. డిస్క్ అంటే టైరు ఎక్కించే లోహపు చక్రం. పోతే పోనీ. రోడ్డు వైపు చక్రం పంక్చరైతే మీరు వీపును వచ్చే వాహనాలకు చూపించి కూర్చోవాలి. ఆ స్థితిలో టైరు మార్చడం కన్నా డిస్క్ పోగొట్టుకోవడం వెయ్యి రెట్లు మేలు. నాకు ఈ విషయంలో రెండో ఆలోచన లేదు. వంపులోనో, వంతెన మీదో, ఏటవాలులోనో ఉంటే జాకీ బయటికి తియ్యవద్దు. దిగి దూరంగా నిలబడి సాయం పిలవడమే పద్ధతి.

ఆపాక హజార్డ్ లైట్లు వెయ్యండి, హెచ్చరిక త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టండి, అందరినీ కిందికి దింపండి. పిల్లలు నిద్రపోతున్నా లేపి దింపాల్సిందే. లోపలున్న మనిషి ఒక పక్కకు జరిగినా, తలుపు తీసి వేసినా జాకీ మీదున్న బండి ఊగుతుంది. దిగినవాళ్లు బండి ముందూ వెనకా కాదు, రోడ్డు అంచు దాటి వాహనాలకు దూరంగా నిలబడాలి. ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకోండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండైతే దాని స్విచ్ ఆపెయ్యండి, లేకపోతే మీరు ఎత్తుతుంటే అది తనంతట తాను ఎత్తు సర్దుకోవడానికి చూస్తుంది.

ఇప్పుడు స్టెపినీ. ముందు ఇది బయటికి రావాలి, ఆ తర్వాతే జాకీ. వరుస తిరగబడితే, ఎత్తిన బండి కిందికి చెయ్యి పెట్టి, ఒక్కోసారి తల కూడా పెట్టి స్టెపినీ లాగాల్సి వస్తుంది. చాలా పికప్‌లలో వెనక బంపర్ దగ్గర ఒక రంధ్రం ఉంటుంది. అందులోకి పొడవాటి కడ్డీ దూర్చి తిప్పితే స్టెపినీ గొలుసు మీదో కేబుల్ మీదో దిగుతుంది. బురదా తుప్పూ పట్టి అది దిగనని మొండికేసే సందర్భాలు బోలెడు. దిగాక దాన్ని కాలితో బయటికి లాగండి, బండి కింద పడుకోవద్దు. డిస్క్‌తో కలిపి ఆ టైరు 30 నుంచి 40 కిలోలు తూగుతుంది. నడుం వంచి ఎత్తకండి, నిలబెట్టి దొర్లించండి. గాలి ఉందో లేదో అక్కడే చూసుకోండి. బండి ఎత్తాక స్టెపినీలో గాలి లేదని తెలిస్తే ఏం లాభం?

ఆ స్టెపినీని తెచ్చి పంక్చరైన చక్రం పక్కన, ఛాసిస్ కిందికి, అంటే బండి అడుగు చట్రం కిందికి పడుకోబెట్టి పెట్టండి. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెబుతాను. రోడ్డు మీద మీ దగ్గర జాక్ స్టాండ్, అంటే ఎత్తిన బండిని మోసే ఇనుప కాలు, ఉండదు. బండి జారితే నేరుగా నేలమీద పడకుండా ఆ టైరు ఆపుతుంది. మీ చేతికో కాలికో ఆ కాస్త సందే దిక్కు. పంక్చరైన చక్రం ఊడదీశాక దాన్ని కిందికి తోసి, స్టెపినీని బయటికి తీస్తారు. అంటే ఏ క్షణంలోనూ ఛాసిస్ కింద ఖాళీ ఉండదు.

నట్లు. చక్రం నేల మీద ఉన్నప్పుడే ఒక్కో నట్టును అర చుట్టు వదులు చెయ్యాలి. పూర్తిగా తీసెయ్యకూడదు. గాల్లో లేపిన చక్రం నట్ల మీద బలం పెడితే ఆ బలమంతా జాకీని పక్కకు నెడుతుంది. టైర్ల దుకాణాల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు బండితో వచ్చే చిన్న స్పానర్‌కు లొంగవు. పొడవాటి పిడి ఉన్న స్పానర్ ఒకటి పెట్టుకోండి. స్పానర్ అడ్డంగా ఉండేలా పెట్టి, కిందికి తొక్కేలా బలం ఇవ్వండి. పైకి లాగితే నడుం పట్టేస్తుంది. నట్లు ఎడమ వైపుకు తిప్పితే వదులవుతాయి. కొన్ని పాత బండ్లలో ఎడమ పక్క చక్రాలకు మరలు తిరగేసి ఉంటాయి, నట్టు ఎక్కే స్టడ్డు చివర ఎల్ అక్షరం కనబడితే అది అలాంటిదే.

(సభలోంచి ఒకరు: "బండితో వచ్చిన జాకీ సరిపోతుందా, వేరేది కొనాలా?")

బండితో వచ్చింది ఆ బండి బరువు చూసే ఇస్తారు. ఖాళీ బండికి, మామూలు టైర్లకి, గట్టి నేల మీద అది సరిపోతుంది. పెద్ద టైర్లు వేయించినా, సస్పెన్షన్ ఎత్తు పెంచినా, ఎప్పుడూ సరుకుతో తిరిగినా సరిపోకపోవచ్చు. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. మీ బండి బరువైన యాక్సిల్ మీద సరుకుతో కలిపి పడే బరువులో సగం కన్నా అది చాలా ఎక్కువగా ఉండాలి, రెట్టింపుంటే నాకు నిశ్చింత. రెండోది, మూసి ఉన్నప్పుడు జాకీ ఎత్తు. సీసా ఆకారంలో ఉండి నూనె ఒత్తిడితో ఎత్తే బాటిల్ జాకీలు చాలావరకు మూసినా 20 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. టైరులో గాలి పూర్తిగా పోతే యాక్సిల్ అంత కిందికీ దిగొచ్చు, జాకీ దూరదు. అప్పుడు పంక్చరైన చక్రాన్ని ఒక మందపాటి పలక మీదికి ఎక్కించి ఆపితే సందు వస్తుంది. అందుకే దిమ్మలు పెట్టకముందే జాకీ దూరుతుందో లేదో చూడాలి. మూడోది, పూర్తిగా సాగితే ఎంత ఎత్తు వస్తుందన్నది. దాని కారణం కాసేపట్లో చెబుతాను.

బాటిల్ జాకీ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. పాస్కల్ సూత్రం బడిలో చదివే ఉంటారు. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒక చోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది. చేతి కర్ర కింద 12 మిల్లీమీటర్ల సన్నని పిస్టన్, బండిని ఎత్తే కడ్డీ 36 మిల్లీమీటర్లు ఉందనుకోండి. వ్యాసం మూడు రెట్లు కాబట్టి వైశాల్యం తొమ్మిది రెట్లు. కర్ర పొడవు వల్ల ఇంకో 20 రెట్లు కలిసొస్తే, మీరు 20 కిలోల బలంతో నొక్కితే అటు 3600 కిలోలు లేస్తాయి. రాపిడికి కొంత పోతుంది, అయినా లెక్క ఇదే. దీనికి బదులుగా మీరు బోలెడుసార్లు కొట్టాలి, కడ్డీ ఒక్కోసారికి కాస్తే లేస్తుంది.

మరి ఎత్తాక ఆ బరువును ఏది పట్టుకుంటోంది? ఒక దోసెడు నూనె. ఆ నూనె వెనక్కి పోకుండా ఆపుతున్నవి రబ్బరు వలయం ఒకటి, చిన్న ఉక్కు గుండు ఒకటి, మీరు బిగించిన విడుదల స్క్రూ ఒకటి. వలయం ఎండి పగిలినా, గుండు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా నూనె జారుతుంది, బండి దిగుతుంది. నెమ్మదిగా దిగితే మీకు తెలుస్తుంది. ఒక్కసారిగా దిగితే తెలిసే లోపే అయిపోతుంది. జాకీ ఎత్తే పనిముట్టు, మోసే పనిముట్టు కాదని పదే పదే చెప్పేది ఇందుకే. ఇంటి దగ్గర బండి కిందికి వెళ్లే పని ఏదున్నా జాక్ స్టాండ్ల మీద దింపి, జాకీ మీది బరువు తీసేశాకే వెళ్లాలి. స్క్రూ జాకీ నూనె లేనిది కాబట్టి అలా జారదు గానీ, పక్క తోపుడికి అదీ ఒరుగుతుంది. చక్రాల మీద కదిలే ట్రాలీ జాకీ షెడ్డులో బాగుంటుంది. చక్రం లేస్తున్నకొద్దీ యాక్సిల్ చివర నిట్టనిలువుగా కాక, అవతలి చక్రం కేంద్రంగా ఒక వంపులో లేస్తుంది. ఆ జరుగుబాటుకు తగ్గట్టు ట్రాలీ జాకీ తన చక్రాల మీద కాస్త దొర్లాలి. మట్టిలోనో కంకరలోనో అది దొర్లలేదు, అప్పుడు పైన పట్టు జారుతుంది.

జాకీ కింద నేల సంగతి. జాకీ అడుగు 12 సెంటీమీటర్ల చదరం అనుకుందాం, 144 చదరపు సెంటీమీటర్లు. దాని మీద ఒక టన్ను పెడితే చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోలు. తడి మట్టి దీన్ని మొయ్యదు, ఎండకు మెత్తబడిన తారు కూడా దిగబడుతుంది. అదే జాకీ కింద 30 సెంటీమీటర్ల చదరపు పలక పెడితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలో పైన కాస్తంతే. మందపాటి ప్లైవుడ్ ముక్కలు రెండు అంటించి పెట్టుకోండి, లేదా గట్టి కర్ర పలక. పలక పల్చగా ఉంటే మధ్యలో వంగి జాకీని ఒరిగేలా చేస్తుంది. ఇటుక, సిమెంటు దిమ్మ ఎప్పుడూ వద్దు. చెక్క పగలబోయే ముందు కిర్రుమంటుంది, నలుగుతుంది. సిమెంటు దిమ్మ ఏ సూచనా ఇవ్వకుండా ముక్కలైపోతుంది. ఎత్తు చాలడం లేదని జాకీ తల మీద చెక్క ముక్క పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఎత్తు కావాలంటే వెడల్పయిన పలకను జాకీ కింద పెట్టాలి.

జాకీ తలను ఎక్కడ ఆనించాలి? మీ బండి మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు, ఆ చోటే సరైనది. అయినా కారణం తెలియాలి. చాలా పికప్‌లకు వెనక చక్రం కోసం యాక్సిల్ కింద, కమాన్ పట్టీలకు దగ్గరగా చోటిస్తారు. అక్కడ ఎత్తితే యాక్సిల్‌తో పాటే చక్రం లేస్తుంది. అది వదిలి ఛాసిస్ కింద పెట్టి ఎత్తారనుకోండి. ముందు బాడీ లేస్తుంది, ముడుచుకుని ఉన్న కమాన్లు సాగుతాయి, చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. అది లేచే లోపు బాడీ అదనంగా జానెడు ఎత్తు లేవాల్సి వస్తుంది. జాకీ చివరికంటా సాగిపోతుంది, బండి ఎత్తు పెరిగి ఊగడం మొదలెడుతుంది. పొడవెక్కువ సాగే జాకీ అవసరమయ్యేది ఇక్కడే. ముందు వైపు సస్పెన్షన్ వేరు కాబట్టి చాలా బండ్లకు ఛాసిస్ మీదే చోటు చూపిస్తారు. ఆ చోటులోనే పెట్టండి, కాస్త సాగినా తప్పదు.

ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. కాలు పెట్టి ఎక్కే మెట్టు, బంపరు, ఇంజన్ కింద నూనె పళ్లెం, బండి పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ కడ్డీ, బ్రేకు పైపులు వెళ్లే చోటు. యాక్సిల్ మధ్యలో ఉన్న లావు డిఫరెన్షియల్ పెట్టె కింద పెడితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయనిపిస్తుంది. బండి దాని మీద తక్కెడలా ఊగుతుంది, వెనక రేకు మూత నొక్కుకుపోయి నూనె కారుతుంది. యాక్సిల్ గొట్టం గుండ్రంగా ఉంటుంది, జాకీ తల చదునుగా ఉంటే జారుతుంది. గాడి ఉన్న తల చూసుకోండి. గ్రీజు, బురద ఉంటే గుడ్డతో తుడవండి.

ఇక ఎత్తడం. బాటిల్ జాకీ తల మీద స్క్రూ ఉంటే ముందు దాన్ని చేత్తో తిప్పి యాక్సిల్‌కు తాకించండి. విడుదల స్క్రూ కుడి వైపుకు బిగించండి. నాలుగు దెబ్బలు కొట్టి, బరువు జాకీ మీదికి వచ్చిందనిపించగానే ఆగండి. లేచి అటూ ఇటూ తిరిగి చూడండి. జాకీ నిటారుగా ఉందా, పలక ఒక పక్కకు దిగిందా, అవతల దిమ్మ టైరును పట్టుకునే ఉందా? ఏ ఒక్కటి తేడాగా ఉన్నా దింపి మళ్లీ పెట్టండి. ఆ వేళ ఓపిక ఉండదు, తెలుసు. చెమట, టెన్షన్, పక్కన హారన్లు. అయినా ఆ అర నిమిషం ఆగినవాళ్లకే బండి ఒరగబోతోందన్న సంగతి కనబడుతుంది. బండి లేస్తున్నప్పుడు కూడా జాకీని చేతులతోనే కాదు, కళ్లతోనూ పట్టుకోవాలి.

చక్రం నేల వదిలితే చాలని ఆపేస్తారు కొందరు. పంక్చరైన టైరు అడుగున నలిగి ఉంటుంది, గాలి ఉన్న స్టెపినీ గుండ్రంగా ఉంటుంది. ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు లేపితేనే అది దూరుతుంది. అంతకు మించి వద్దు.

నట్లు తీసి ఒక టోపీలోనో గుడ్డలోనో వేసుకోండి. చక్రం హబ్బుకు తుప్పుతో అతుక్కుపోయి రాకపోతే రెండు చేతులా పట్టుకుని గుంజడం ఎంత మాత్రం కుదరదు. మీరు గుంజేది చక్రాన్నే కాదు, జాకీ మీదున్న మొత్తం బండిని. నట్లు మళ్లీ వేళ్లతో పెట్టి, రెండు మూడు మరల వదులు ఉంచి, బండిని నేలకు దింపండి. బరువు పడగానే చాలావరకు ఆ అతుకు విడిపోతుంది. మళ్లీ ఎత్తి తీసుకోండి. రెండోసారి ఎత్తడం శ్రమే గానీ ఇదే మంచి దారి.

చక్రం తీసేటప్పుడు, పెట్టేటప్పుడు మీ ఒళ్లు ఎక్కడుందో చూసుకోండి. కాళ్లు చాపి బండి కిందికి పెట్టి కూర్చోవద్దు. మోకాళ్ల మీదో గొంతుక్కూర్చునో ఉంటే వెంటనే వెనక్కి పోవచ్చు. టైరును రెండు పక్కల పట్టుకోండి, పైన పట్టుకుంటే వేళ్లు మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఉంటాయి. 40 కిలోల టైరు స్టడ్డుల ఎత్తుకు అందకపోతే, స్పానర్ పిడినో గునపాన్నో టైరు కింద అడ్డంగా దూర్చి కాలితో తొక్కితే లేస్తుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: బండి జారుతున్నట్టు, ఒరుగుతున్నట్టు అనిపిస్తే అన్నీ వదిలేసి వెనక్కి దూకండి. పట్టుకోవాలని చెయ్యి ముందుకు పోతుంది, అది మనిషి స్వభావం. రెండు టన్నుల బండిని ఎవరూ పట్టుకోలేరు. పక్కనున్న సహాయకుడికి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి. డిస్కులూ డ్రమ్ములూ మళ్లీ కొనుక్కోవచ్చు.

స్టెపినీ ఎక్కించాక నట్ల కోసుగా ఉన్న వైపు డిస్క్ వైపు ఉండాలి. చేత్తో తిప్పినంత తిప్పి, ఎదురెదురు నట్లను వంతులవారీగా కాస్త బిగించండి. ఒక పక్క నుంచి వరుసగా బిగిస్తే డిస్క్ వంకరగా కూర్చుంటుంది. స్టడ్డులకు నూనె, గ్రీజు రాయవద్దు, రాస్తే అదే బలానికి నట్టు లెక్కకు మించి బిగిసి స్టడ్డు సాగుతుంది. చివరి బిగింపు బండి దిగాకే. కింద పెట్టిన పాత టైరును ముందు పక్కకు లాగి, విడుదల స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పి నెమ్మదిగా దించండి. ఆరు నట్ల పికప్‌లకు చాలావరకు 110 నుంచి 150 న్యూటన్ మీటర్లు, ఎనిమిది నట్ల హెవీ డ్యూటీలకు దాదాపు 200 అడుగుతారు, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. 60 సెంటీమీటర్ల పిడి చివర 25 కిలోల బలం పెడితే 147 న్యూటన్ మీటర్లు వస్తాయి. స్పానర్ మీదెక్కి గెంతితే అంతకు ఎన్నో రెట్లు. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఆగి మళ్లీ ఒకసారి బిగించాలి, కొత్తగా కూర్చున్న డిస్క్ సర్దుకుని నట్లు వదులవుతాయి.

(సభలోంచి ఒకరు: "వెనక ట్రైలర్ తగిలించి ఉంటే?")

వీలైతే ఊడదియ్యండి. ట్రైలర్ చక్రాలకు ముందు దిమ్మలు పెట్టి, దాని కాలు దింపి, తర్వాతే విడదియ్యాలి. తగిలించి ఉంచి ఎత్తితే ట్రైలర్ బరువు బండిని ముందుకో వెనక్కో తోస్తూ ఉంటుంది, ఇందాక చెప్పిన పక్క తోపుడు అదే.

(ఇంకొకరు: "సరుకు దించాలా?")

దించగలిగితే దించండి. దించలేకపోతే కనీసం కదలకుండా కట్టి ఉందో లేదో చూడండి. నీళ్ల ట్యాంకు సగం నిండి ఉంటే మరీ జాగ్రత్త, బండి ఒక పక్కకు వంగగానే నీళ్లన్నీ ఆ పక్కకే వస్తాయి. బరువు మీ జాకీ మీద రాసిన దానికి దగ్గరగా వస్తుందనిపిస్తే ఎత్తవద్దు, పెద్ద జాకీ ఉన్నవాళ్లను పిలవండి.

(మరొకరు: "పొడుగు కడ్డీ మీద ఎక్కే ఫామ్ జాకీ ఎలా ఉంటుంది?")

బురదలోంచి లాగడానికి, ఎత్తైన బండ్లకు పనికొస్తుంది గానీ టైరు మార్చడానికి నా మొదటి ఎంపిక కాదు. సన్నని అడుగు మీద ఎత్తుగా నిలబడుతుంది. దించేటప్పుడు పిడి చేతిలోంచి జారితే బరువంతా దాన్ని పైకీ కిందికీ విసురుతుంది, దవడ ఎముకలు విరిగేంత బలంతో. వాడేవాళ్లు తల ఎప్పుడూ ఆ పిడి దారిలో ఉంచకూడదు.

ఇప్పుడు అందరం బయటికి వెళదాం, బండి సిద్ధంగా ఉంది. జాకీ ముట్టుకునే ముందు స్టెపినీ దింపి చూద్దాం, దానిలో గాలి ఎంతుందో కొలుద్దాం. మీరు కూడా ఇంటికి వెళ్లాక ఎండ తగ్గిన వేళ, చదునైన చోట మీ బండికి ఇదే చెయ్యండి. స్టెపినీ దిగుతుందా, మీ స్పానర్‌కు నట్లు కదులుతాయా, జాకీ యాక్సిల్ కింద దూరుతుందా అన్నవి అక్కడే తేలిపోవాలి. నట్లు కదలకపోతే టైర్ల దుకాణానికి వెళ్లి సరైన బిగువుకు మళ్లీ బిగించమనండి.